మూడవ సిలిండరు

మా ఇంట ‘ఇంజను’ అనే మాట చాలా కాలం నిషిద్ధపదంగా ఉండేది. పెరటి బావికి బిగించిన నీళ్ళ మోటారును కూడా అమ్మీ ‘అది’ అనే వ్యవహరించేది. పదిమంది కూర్చున్నచోట ఎవరైనా మోటారు పందెముల ప్రసంగం తెచ్చారంటే, మా మామూ లేచి వెళ్ళి గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ నిలబడేవారు. దీనికి కారణం మేము పుట్టక మునుపు, 1983లో, షోలవరంలో జరిగిన ఒక సంఘటన. ఆ సంఘటనకు అసలు కారణం ఏమిటో మా కుటుంబంలో ఎవరికీ తెలియదనే విషయం మాకు 2022 జూలైలో గాని తెలియలేదు.

మేమంటే ముగ్గురం. అన్నదమ్ములిద్దరం, ఒక చెల్లెలు. ఈ వ్యాసం ముగ్గురమూ కలిసి వ్రాస్తున్నాము. ఎక్కడైనా ఒకరి తప్పును మరొకరి మీదికి నెట్టినట్లు తోస్తే పాఠకులు మన్నింతురు గాక.

షోలవరం మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు నుంచి పోయే రహదారిలోనే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారి ఒకటి అక్కడ వాడుక లేక పడి ఉండగా, 1953లో స్థాపితమైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు దాని మీద కార్ల పందెములు నడిపారు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో కొత్త పందెపు బాట 1990లో తెరుచుకునే వరకు దక్షిణ దేశంలో ఈ వినోదానికి షోలవరమే ప్రధానస్థానం. అంబాసిడరు, స్టాండర్డ్ హెరాల్డు, ఫియట్టు, ఇవే ఆనాటి గుర్రాలు. వారమంతా పిల్లలను బడికి మోసిన కారే ఆదివారంనాడు వెనుక సీటు తీసివేయించుకుని పందెంలో నిలబడేది. మా మామూ అప్పట్లో నెల్లూరులో ఒక చిన్న షెడ్డులో మేస్త్రీగా ఉండేవారు. 1978 నాటి ప్రీమియర్ పద్మిని కారొకటి 1980లో చేతులు మారుతుండగా కొన్నారు. దానితో నెల్లూరు నుంచి నూట యాభై కిలోమీటర్లు తానే నడుపుకుంటూ పోయి, పందెం ఆడి, మళ్ళీ అదే కారులో ఇంటికి వచ్చేవారు. ఒకసారి ఏడవ స్థానం లభించింది. ఆ మాట ఆయన మాకు ఏనాడూ చెప్పలేదు. అబ్బా చెప్పారు.

1983లో ఆయన ఆ ఇంజనును పూర్తిగా విప్పి మరింత బలవత్తరంగా తయారుచేయ సంకల్పించారు. డబ్బు చాలలేదు. అమ్మీకి అప్పటికి కొత్తగా నిశ్చితార్థమైంది. ఆమె తన నాలుగు గాజులు అన్నగారి చేతిలో పెట్టింది. అవి బంగారు దుకాణంలో తాకట్టుకు పోయాయి. పందెంలో నాలుగవ చుట్టున ఇంజను బిగుసుకుపోయింది. ఇసుక లారీ వెనుక తాడు కట్టించుకుని కారు నెల్లూరు చేరింది. గాజులు విడిపించడానికి మామూకు ఆరేళ్ళు పట్టింది. పెళ్ళిలో అమ్మీ గాజు గాజులతోనే కూర్చున్నది. ‘ఎక్కువ ఆశకు పోయి ఇంజను తలను మరీ కోయించాడు, అందుకే పోయింది’ అని బంధువులందరూ నిర్ణయించారు. మామూ కాదనలేదు. మరెన్నడూ పందెమునకు పోలేదు.

ఆ కారు తరువాత ఏదో ఒక విధంగా బాగై 2004 దాకా మా కుటుంబాన్ని మోసింది. పిమ్మట వేపచెట్టు క్రింద నిలిచిపోయింది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు జిల్లాను ముంచెత్తినప్పుడు మా పెరటిలో నీళ్ళు దాని చక్రాల ఇరుసుల దాకా వచ్చాయి. నీళ్ళు తీశాక పాత ఇనుము వ్యాపారి ఒకడు వచ్చి పద్దెనిమిది వేలు ఇస్తానన్నాడు. మామూ ఏమీ అనలేదు. వెళ్ళి బానెట్టు మీద చెయ్యి వేశారు. అప్పటికి రెండేళ్ళుగా ఆయనకు పార్కిన్సన్ వ్యాధి. ఆ చెయ్యి వణుకుతూ రేకు మీద టకటకమని చప్పుడు చేసింది. అది ఆపడానికి ఆయన రెండవ చెయ్యి దాని మీద అదిమిపెట్టుకున్నారు. వ్యాపారిని మేము మరొకసారి రమ్మన్నాము.

అమ్మీని ఒప్పించిన విధం ఇక్కడ విస్తరించము. మూడు వారాలు పట్టినది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: ‘భాయిజాన్ చేత స్పానరు పట్టించకండి. పడగొట్టుకుంటారు, మీ ఎదుట సిగ్గుపడతారు. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పాలి, మీరు చేయాలి.’ మేము తలలు ఊపాము. చేయడమంటే ఏమిటో మాకు తెలియదు. పెద్దవాడు మెకానికల్ డిప్లొమా చదివినవాడే, కాని అతడు అంతవరకు విప్పినవన్నీ బొమ్మలలోని ఇంజనులు. రెండవవాడు బి.కాం. చెల్లెలు అప్పటికి మన కళాశాలలోనే బి.యస్సీ. రెండవ సంవత్సరం. ఆమె రసాయనశాస్త్రమే చివరికి అందరికంటె ఎక్కువగా అక్కరకు వచ్చింది.

2021 డిసెంబరులో ఇంజను పైకి తీశాము. వేపకొమ్మకు చైన్ పుల్లీ కట్టబోగా మామూ కుర్చీలోనుంచే కేకవేశారు. చెట్టుకొమ్మ మనిషికి నీడనిస్తుంది గాని మాట ఇవ్వదట. మూడు సరుగుడు బాదులు తెప్పించి, పైన గొలుసుతో ముడివేయించి, ఆ ముక్కాలి నుంచి ఇంజనును ఎత్తించారు. ఊడదీసిన ప్రతి బోల్టునూ ఖాళీ పచ్చడి సీసాలలో వేసి చీటీలు అంటించాము. మేము తెలుగులో వ్రాశాము, మామూ ఉర్దూలో వ్రాశారు. ఆయనకు తెలుగు మాట వచ్చును, లిపి రాదు. మా అన్నదమ్ములిద్దరికీ ఉర్దూ మాట వచ్చును, లిపి రాదు. చెల్లెలికి మాత్రం రెండూ వచ్చును. ఇది అప్పుడు మాకు నవ్వులాటగానే ఉండినది.

విప్పిన ఇంజను కొలవడంతో అసలు పని మొదలైంది. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 68 మిల్లీమీటర్ల వ్యాసం, పిస్టను నడిచే దూరం 75 మిల్లీమీటర్లు. లెక్కవేస్తే ఒక్కొక్క సిలిండరుకు 272.4 ఘన సెంటీమీటర్లు, నాలుగింటికి 1089. సిలిండరు గోడ ఎప్పుడూ పైభాగంలో, పిస్టను రింగులు వచ్చి ఆగి వెనుతిరిగే చోట అధికంగా అరుగుతుంది, క్రిందిభాగం దాదాపు కొత్తదానివలెనే మిగులుతుంది. చమురు అక్కడికి తక్కువగా అందడం, మంట వేడి అక్కడే హెచ్చుగా ఉండడం దీనికి కారణం. మా కొలతలో పైభాగం ఐదవ వంతు మిల్లీమీటరు కంటె కాస్త ఎక్కువే అరిగింది. కనుక బోరింగు చేయించి 0.6 మిల్లీమీటర్లు పెద్దవైన పిస్టన్లు వేయవలసి వచ్చింది. దానితో ఇంజను పరిమాణం 1109 అయింది. ఇరవై ఘన సెంటీమీటర్ల లాభం మాకు ఊరికే వచ్చినట్లు సంతోషించాము. ‘అది లాభం కాదు, గోడ తిన్నది’ అన్నారు మామూ.

ఇక కంప్రెషను సంగతి. పిస్టను క్రింద ఉన్నప్పటి మొత్తం చోటును, పైకి వచ్చినప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే ఆ నిష్పత్తి. అది పెరిగితే ఒకే పెట్రోలు నుంచి ఎక్కువ శక్తి వస్తుంది. మితిమీరితే పెట్రోలు తనంతట తాను ముందుగానే భగ్గుమని పిస్టను నెత్తిన సుత్తివలె మోదుతుంది. ఆ మిగిలే చోటు కొలవడానికి చెల్లెలు మన కళాశాల రసాయనశాల నుంచి, అధ్యాపకుల అనుమతితో, 50 మిల్లీలీటర్ల బ్యూరెట్టు తెచ్చింది. తలను తిరగేసి, వాల్వులు మూసి, గాజువంటి ప్లాస్టిక్ పలకను గ్రీజుతో అంటించి, పలకలోని రంధ్రం గుండా బ్యూరెట్టు నుంచి కిరోసిను చుక్కచుక్కగా వదలింది. నాలుగు గదులలో ఏ రెండూ సమానంగా లేవు: 32.1, 32.4, 31.6, 32.3. మూడవది అన్నింటికంటె ఇరుకు. చిన్నవాటిని మెల్లగా అరగదీసి నాలుగింటినీ 32.4కు తెచ్చాము. దీనికి పదకొండు సాయంకాలాలు పట్టాయి. రంజాను నెల కావడంచేత ఇఫ్తారుకు ముందు గంటసేపు మాత్రమే పని సాగేది. ఉపవాసముతో కిరోసిను వాసన పీల్చడం ఎట్టిదో అనుభవించినవారికే తెలుస్తుంది.

గ్యాస్కెట్టు మందాన్ని, పిస్టను పైన మిగిలే సందును కలుపుకుంటే మొత్తం 38.4 వచ్చింది. నిష్పత్తి 8.2. 1983లో మామూ కోయించిన తల తన పని చేసియే ఉన్నదన్నమాట. మేము దానితో తృప్తిపడలేదు. ఇంకొక మిల్లీమీటరు పైచిలుకు కోయిస్తే 9కి చేరుతుంది. ఈనాటి పెట్రోలు ఆక్టేను 91, నాటి సాధారణ పెట్రోలు అంతకంటె తక్కువ గనుక ఇప్పుడు తలకు ఏమీ కాదని వాదించాము. మామూ చాలాసేపు విని, ‘క్రాంకును పట్టుకునే మెయిన్ బేరింగులు ఎన్ని?’ అని అడిగారు. మూడు అన్నాము. ‘పైన నలుగురు పహిల్వానులను కూర్చోబెడతారు, క్రింద మోసేవాళ్ళు ముగ్గురే. మే నెలలో నెల్లూరు ఎండ కూడా మీ లెక్కలో ఉన్నదా?’ అన్నారు. మేము నొచ్చుకున్నాము. ఒకసారి చేయి కాలినవాడు దీపం చూసినా భయపడతాడని మాలో మేము అనుకున్నాము కూడా. ఈ మాట ఇక్కడ ఒప్పుకోవలసి ఉన్నది.

ఆయన వద్దన్నది అదొక్కటే. కావాలన్నవి మాత్రం మేము ఎన్నడూ ఊహించనివి. నాలుగు పిస్టన్లు, నాలుగు కనెక్టింగ్ రాడ్లు సమాన బరువు ఉండాలన్నారు. పిస్టను పైకి వచ్చి ఆగి క్రిందికి మళ్ళేటప్పుడు రాడ్డును లాగే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. నిమిషానికి 5000 చుట్లు తిరిగేది 6000 తిరిగిందంటే ఆ లాగుడు 1.44 రెట్లవుతుంది. ఒకటి బరువెక్కువ, ఒకటి తక్కువ అయితే ఆ భేదం కూడా అట్లే పెరిగి క్రాంకును వణికిస్తుంది. గ్రాముల తూకం ఎక్కడ దొరుకుతుంది? బంగారు దుకాణంలో. పాత బంగారు వీధిలోని దుకాణాలలో ఒకదానికి రెండవవాడు సంచిలో పిస్టన్లు వేసుకుని వెళ్ళాడు. అమ్మీ గాజులు తాకట్టు పెట్టినది ఆ దుకాణమేనని తిరిగి వచ్చాక తెలిసింది. ఇప్పుడు అక్కడ ఆ యజమాని కొడుకు కూర్చున్నాడు. అతడు నవ్వుతూ తూచిపెట్టాడు. ఎక్కువకు తక్కువకు ఏడు గ్రాముల తేడా ఉన్నది. లోపలివైపు, బలానికి భంగం రానిచోట ఆకురాయితో అరగదీసి ఒక గ్రాము లోపలికి తెచ్చాము. దుకాణం చుట్టూ ఆరుసార్లు తిరగవలసి వచ్చింది. అమ్మీ ఒకరోజు పిస్టను చేతిలోకి తీసుకుని, ‘ఇంత తేలికా?’ అన్నది. అంతే అన్నది.

విడిభాగాలకోసం రెండు ఆదివారాలు మద్రాసు పుదుపేటకు పోయాము. ఆ వీధి గురించి వేరే వ్యాసం వ్రాయవచ్చును. ఇక్కడ కావలసినంత వరకే చెబుతాము. రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ల సెట్టు దొరికాయి. పొగవాల్వుల సీట్లు కొత్తవి, గట్టివి వేయించాము. పూర్వం పెట్రోలులో కలిపిన సీసము ఆ సీట్ల మీద పొరగా నిలిచి కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత మెత్తని సీట్లు దానితో త్వరగా అరుగుతాయి. పెట్రోలులో ఎథనాలు పాలు పెరుగుతున్నందువల్ల పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర కూడా మార్చాము. గాలి వచ్చే దారులను, పొగ పోయే దారులను గ్యాస్కెట్టు ఆకారానికి సరిపడేటట్లు చక్కదిద్దాము. ఫ్లైవీలు బరువు కొంత తగ్గించి, క్రాంకుతో కలిపి మద్రాసులోనే బ్యాలెన్సు చేయించాము. నెల్లూరు ఆటోనగరులో ఒక వెల్డరు నాలుగు పొగగొట్టాలు సమాన పొడవున వంచి ఒకచోట కలిపి ఇచ్చాడు. కార్బురేటరు పాత సోలెక్సే, జెట్టు మాత్రం ఒక అంకె పెద్దది. మొత్తం ఖర్చు అరవై రెండు వేలు. ఇందులో చెల్లెలి విద్యార్థివేతనం కూడా ఉన్నది.

ఈలోగా మామూ ఒక పని చేశారు. ఏ భాగం తరువాత ఏ భాగం, ఎక్కడ ఏమి చూడాలి అనేదంతా ఉర్దూలో మూడు కాగితాల నిండా వ్రాసి మాకు ఇచ్చారు. వ్రాయడానికి నాలుగు రాత్రులు పట్టిందని ముమానీ లేని ఆ గదిలో దీపం వెలుగుతూ ఉండడాన్ని బట్టి మాకు తెలుసు. వణికే చేతి వ్రాత. అలిఫ్ నిలువుగా లేదు, నుక్తాలు ఉండవలసిన చోట లేవు. మొదటి పుట చదవడానికే చెల్లెలికి గంట పట్టింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ‘తరువాత చదివి పెడతాను’ అన్నది. మేమిద్దరం ‘ఎందుకులే, పుస్తకం ఉన్నది, వీడియోలు ఉన్నాయి’ అన్నాము. ఆ కాగితాలు సీసాల అలమరలో మడిచి పెట్టాము. మామూ రెండుసార్లు ‘చదివారా?’ అని అడిగారు. చదివామని చెప్పాము.

క్రాంకు పిన్నులు గ్రైండింగుకు పోయి వచ్చాయి. 1983 తరువాత ఒకసారి పావు మిల్లీమీటరు తగ్గి ఉన్నవి, ఇప్పుడు అర మిల్లీమీటరు తగ్గాయి. అద్దంలా మెరుస్తున్న క్రాంకును చూసి మురిసిపోయి, పైపైన కిరోసినుతో కడిగి, గుడ్డతో తుడిచి బిగించాము. తల బోల్టులు నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో బిగించాము. అందులో లోపమేమీ లేదు.

2022 జూలై 17, ఆదివారం. ఇంజనును ఇటుకల మధ్య ఇనుప చట్రం మీద నిలిపి, నీళ్ళగొట్టం అమర్చి, మొదటిసారి తిప్పాము. మూడవ ప్రయత్నంలో అంటుకున్నది. వీధిలోని పిల్లలందరూ గోడ ఎక్కారు. పొగగొట్టం చివర సైలెన్సరు ఇంకా లేదు, వేప ఆకులు రాలాయి. అబ్బా నవ్వడం అంతకు ముందు అంత పెద్దగా మేము వినలేదు. అమ్మీ వంటింటి గుమ్మంలో కొంగు పట్టుకుని నిలబడింది. కొత్తగా బిగించిన ఆయిలు గేజి ముల్లు నిబ్బరంగా ఉన్నది. మామూ కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చున్నారు. ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు. కొత్త ఇంజను నిలకడ పడడానికి ఆ మాత్రం నడవాలి.

ముప్పై ఐదవ నిమిషమున ఆయన కళ్ళు తెరిచి, ‘ఆపండి’ అన్నారు. మాకేమీ వినిపించలేదు. గేజి చూపించాము. ముల్లు కదలలేదు. ‘గేజి నాలుగింటినీ కలిపి చెబుతుంది. ఒక్కటి ఏడుస్తున్నది’ అన్నారు. మేము ఇంకా సందేహిస్తూ ఉండగా ఆయన లేచారు. పొడుగాటి స్క్రూడ్రైవరు తెమ్మని, దాని పిడిని చెవికి, మొనను ఇంజను ప్రక్కకు ఆనించబోయారు. చెయ్యి నిలువలేదు. చెల్లెలు ఆయన మణికట్టు పట్టుకున్నది. తరువాత ఒక్కొక్క ప్లగ్గు తీగను పెరికి చూడమన్నారు. మొదటిది తీశాము, చప్పుడు మారలేదు. రెండవది, మారలేదు. మూడవది తీయగానే, అప్పటిదాకా మేము వినని ఒక తేలికపాటి టొకటొక శబ్దం ఉన్నట్లుండి తగ్గింది. తగ్గినందువల్లనే అది అంతవరకు ఉన్నదని మాకు తెలిసింది. మంట లేని పిస్టను రాడ్డును అణచదు, అందుచేత వదులైన బేరింగు కొట్టుకోదు. మామూ తానే చేయి చాచి తాళం చెవి త్రిప్పి ఇంజను ఆపారు. ‘మూడవదే’ అన్నారు. ఎవరి వైపూ చూడలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆ రాత్రి చట్రం క్రింద పడుకుని ఆయిలు పళ్ళెం విప్పాము. మూడవ రాడ్డు బేరింగు మీద సన్నని చాళ్ళు పడి ఉన్నాయి. గోటికి తగులుతున్నాయి. క్రాంకు పిన్ను మీద కూడా గీతలు. చమురులో మెరిసే పొడి. పెద్దవాడు గ్రైండింగు చేసిన వారిని నిందించడానికి నోరు తెరిచాడు. చెల్లెలు మాట్లాడకుండా లేచిపోయి అలమరలోని కాగితాలు తెచ్చింది. సెల్‌ఫోను వెలుగులో తెల్లవారుజాము దాకా చదివింది. రెండవ పుటలో, పదిహేడవ పంక్తి:

‘క్రాంకులో నూనె పోయే దారులు. వాటి చివర కొట్టిన బిళ్ళలు ఊడదీయాలి. గ్రైండింగు పొడి లోపలే ఉంటుంది, పైన కడిగితే పోదు. తీగకు గుడ్డ చుట్టి దూర్చాలి, పెట్రోలు పోయాలి, గాలి కొట్టాలి. తెల్ల గుడ్డ తెల్లగా వచ్చేవరకు. కొత్త బిళ్ళలు కొట్టాలి. 1983లో నేను ఇది చేయలేదు.’

చెల్లెలు ఆ చివరి మాటను రెండుసార్లు చదివింది. అది ఆమె మాకోసం చదివినదో, తన కోసం చదివినదో తెలియదు. తలను ఎక్కువ కోయించడం వల్ల పోయిందని ముప్పై తొమ్మిది సంవత్సరాలుగా మా బంధువర్గమంతా చెప్పుకున్న కథను ఆయన ఎందుకు ఖండించలేదో అప్పుడు ఆలోచించాము. ఎక్కువ ఆశకు పోయాడనడం కొంత గౌరవంగానే ఉంటుంది. మేస్త్రీ అయి ఉండి తీగ దూర్చి శుభ్రం చేయలేదనడం వేరు. చెల్లెలు గాజులు ఇచ్చిన పనిలో అయితే మరీను. ఆ వాక్యం ఆయన వ్రాయవలసిన అవసరం లేదు. పైన చెప్పిన పని చేయండని వ్రాస్తే చాలును.

ఉదయం మేము ముగ్గురం ఆయన తలుపు తట్టి, చదవలేదని, అబద్ధం చెప్పామని ఒప్పుకున్నాము. ‘ఇప్పుడు చదివారా?’ అన్నారు. ‘మూడు పుటలూ’ అన్నది చెల్లెలు. ‘పదిహేడు?’ అన్నారు. ‘చదివాము’ అన్నాము. ఆయన కొంచెంసేపు ఊరుకుని, ‘అమ్మీకి చెప్పారా?’ అని అడిగారు. చెప్పలేదన్నాము. ‘నేను చెబుతాను’ అన్నారు. ఎప్పుడు చెప్పారో, ఏమి చెప్పారో మాకు తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. పెసరట్లు మాడిన వాసన వచ్చింది.

రెండవసారి పని వేగంగా జరిగింది, లేదా అట్లా జ్ఞాపకం. క్రాంకు మరొక పావు మిల్లీమీటరు తగ్గింది. ఇక దానికి మిగిలినది ఒక్క మెట్టు. ఈసారి బిళ్ళలన్నీ తీశాము. పాలిష్ చేసిన ఆ నున్నని ఉక్కు లోపల నుంచి బూడిదరంగు ముద్ద తీగకు అంటుకుని వచ్చింది. అందులో కొంత మొన్నటి గ్రైండింగుది కావచ్చును, కొంత 1983 నాటిది కూడా కావచ్చును. పాత తెల్ల చీర ఒకటి అమ్మీయే చింపి ఇచ్చింది. పద్నాలుగవ పేలిక తెల్లగా వచ్చింది. మామూ దానిని వెలుతురులో చూసి మరొకసారి దూర్చమన్నారు. బేరింగులు మార్చాము, ఆయిలు పంపు విప్పి కడిగాము, సిలిండర్లను సబ్బునీటితో తోమాము. మొహర్రం నెల వచ్చింది. ఊరంతా బారాషహీద్ దర్గాకు, రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువుకు తరలింది. దూరపు బంధువులు వచ్చి ఇంట్లో చాపలు పరిచారు. ఇంజను వారం రోజులు దుప్పటి కప్పుకుని అతిథులలో ఒకటిగా పడి ఉన్నది.

ఆగస్టు చివర మళ్ళీ నడిపాము. గంట నడిచింది. మామూ స్క్రూడ్రైవరు అడగలేదు. కళ్ళు మాత్రం తెరవలేదు.

పదిహేను సంవత్సరాలు దాటిన కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ, తనిఖీ మొదలైనవి ముగించి అక్టోబరులో రోడ్డెక్కాము. మొదటి 500 కిలోమీటర్లు వేగం అరవై దాటకూడదు. లాగుడు మీద ఎక్కువ బరువు వేయకూడదు, అట్లని మరీ మెల్లగా ఒకే వేగంతోనూ నడపకూడదు. గోడకూ రింగుకూ పరిచయం కలగాలి గదా. ప్రతి ఆదివారం మద్రాసు దారిలో నాయుడుపేట, సూళ్ళూరుపేట మీదుగా పోయేవాళ్ళం. మామూ ముందు సీటులో కూర్చునేవారు. నేటి కార్లు మమ్మల్ని దాటిపోతూ హారను కొట్టేవి. ఇంజను మాత్రం, ఎంత అణచి నడిపినా, ఇంకా ఉన్నదని చెబుతున్నట్లు ఉండేది. రెండవ ఆదివారం తడ దాకా వచ్చాము. అక్కడితో మన రాష్ట్రం సరి. షోలవరం ఇంకొక గంట దారి. పెద్దవాడు మామూ వైపు చూశాడు. ఆయన ఎదుటి గాజులోనుంచి రోడ్డు చూస్తూ, ‘టీ త్రాగి వెనక్కి తిప్పు’ అన్నారు. తిప్పాము.

500 పూర్తి అయిన రోజు సాయంకాలం పెరటిలో పాత చమురు దింపాము. చల్లారకముందే దింపాలి, లోహపు పొడి ఏదైనా ఉంటే చమురుతోబాటు వస్తుంది. మామూ తెల్లని పింగాణీ పళ్ళెం అడిగారు. అమ్మీ వంటింటి నుంచి తెచ్చింది. చమురు పళ్ళెంలో పలుచగా పరిచి, ఎండకు వాల్చి, అందులో మెరుపులు వెదకాలి. మామూ పళ్ళెం పట్టుకోబోతే చమురు అంచులకు ఒలుకుతున్నది. మేము పట్టుకుంటామన్నాము. వద్దన్నారు. అమ్మీ వచ్చి పళ్ళెం రెండవ అంచు పట్టుకున్నది. ముందు సంవత్సరమే శుక్లాల ఆపరేషను అయినందున మా ఇంట్లో అందరికంటె నిశితమైన చూపు ఆమెదే. పళ్ళెం ఇటు వాల్చింది, అటు వాల్చింది. వేపచెట్టు సందుల నుంచి ఎండ సరిగా చమురు మీద పడేటట్లు నాలుగడుగులు ప్రక్కకు జరిగింది. ఆమెతోబాటు మామూ కూడా జరిగారు.

‘ఏమీ మెరవడం లేదు, భాయిజాన్’ అన్నది.

‘మూలల్లో చూడు.’

‘చూశాను. ఏమీ లేదు. ఇంజనులో కొత్త నూనె పోయండి, నా పళ్ళెం నాకు ఇచ్చేయండి’ అన్నది అమ్మీ.